మోవా చెరువులో ఎర్రబొట్టు తాబేలు

పేరు తెలియని ప్రాణి కంటబడితే నాకు అన్నం సహించదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఇది మా ఇంట్లో అందరూ పడ్డ బాధ. పెళ్ళయిన కొత్తలో వంటింటి గోడ మీద కనిపించిన సాలీడుని గాజుగ్లాసు కింద మూసిపెట్టి, దాని పేరు తేలేదాకా ఆ గ్లాసుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అప్పటికే నేను రాయ్‌పూర్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. "మా కోడలు బళ్ళో పురుగుల పాటం సెప్తాది, ఇంట్లో పురుగుల్ని పెంచుతాది" అని మా అత్తయ్య అందరికీ చెప్పుకుని నవ్వేది.

అత్తయ్యది శ్రీకాకుళం జిల్లా. శ్రీకూర్మం గుడి వెనకవీధిలో పుట్టి, నలభైల చివర్లో రైల్వే ఫిట్టరు పెళ్ళాంగా ఈ ఊరొచ్చింది. నేను కోడలిగా వచ్చేసరికి రైల్వే క్వార్టర్లలో మా వరసంతా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే. ఒకే కొళాయి, ఒకే గట్టు. ఒకరింట్లో పులుసు కాగితే నాలుగిళ్ళకి గిన్నెలు వెళ్ళేవి. కాని రైల్వే క్వార్టరు ఉద్యోగం ఉన్నంతవరకే మనది. ఒక్కొక్కరే రిటైరై ఖాళీ చేశారు. ఒకావిడ ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకుతో ఊరి శివారు బీర్‌గావ్ వెళ్ళిపోయింది. ఇంకొకావిడ అల్లుడి లారీ ఆఫీసు దగ్గరుంటుందని టాటీబంధ్ చేరింది. మేము బిలాస్‌పూర్ రోడ్డు మీద మోవాలో, చెరువుగట్టు పక్కన ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశమైన ఏడాదికే మామయ్య పోయారు.

మోవాలో ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ వాళ్ళు, మంచివాళ్ళు. కాని అత్తయ్యకి అన్నేళ్ళైనా హిందీ కూరగాయల బేరానికి సరిపడేంతే వచ్చింది. నేను బడికి, మా ఆయన ఆఫీసుకి పోతే, సాయంత్రందాకా ఆవిడకి మనిషి మాట లేదు. ఒకరోజు నేను తలనొప్పితో మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. పెరట్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించి తొంగిచూశాను. తులసికోట ముందు పీటేసుక్కూచుని, వంకాయలు కిలో ఎంత చెప్పాడో, తను ఎంతకి తెచ్చిందో తులసమ్మకి వివరంగా చెబుతోంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే దిగులేసింది.

తొంభైల మధ్యలో, ఇంకా చలి పూర్తిగా వదలని ఒక పొద్దున్న, చేపలకి మరమరాలు వెయ్యడానికి చెరువుకి వెళ్ళిన అత్తయ్య పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చింది.

"పిల్లా, బేగి రా! సామి వచ్చీసినాడు! బొట్టెట్టుకుని మరీ వచ్చినాడు!"

"ఏ సామి అత్తయ్యా?"

"ఇంకే సామి? మన కూర్మనాథుడు!"

శ్రీకూర్మంలో విష్ణుమూర్తి తాబేలు రూపంలో ఉంటాడు. గుడి ఆవరణలో తాబేళ్ళు తిరుగుతుంటాయి. అత్తయ్య వైపు వాళ్ళు కొత్త బావి తవ్వితే అందులో ఒక నీటి తాబేలుపిల్లని వదిలేవారు. నీళ్ళలో పురుగు చేరదని, సామి కాపలా ఉంటాడని నమ్మకం. క్వార్టర్ల దగ్గర బావిలోనూ అలాగే ఒకటుండేది.

జడ సగం అల్లుకున్న దాన్ని అలాగే వెళ్ళాను. నీళ్ళలో సగం మునిగిన తుమ్మదుంగ మీద తాబేలు ఎండ కాచుకుంటోంది. వెనక్కాళ్ళు బార్లా చాపి, మెడ నిక్కించి, కదలకుండా ఉంది. తల ఆకుపచ్చ, దాని మీద సన్నటి పసుపు చారలు. కంటి వెనక, చెవి ఉండాల్సిన చోట, వేలితో దిద్దినట్టు ఎర్రటి పట్టీ.

"బొట్టు నుదుట లేదు అత్తయ్యా, చెవుల దగ్గరుంది."

"ఎక్కడెట్టుకోవాలో సామికి నువ్వు సెప్తావేటి?"

మా చెరువులో నాకు తెలిసిన తాబేలు రకం ఒక్కటే. బల్లపరుపు వీపు, మెత్తటి అంచు. కాళ్ళు లోపలికి లాక్కుంటే పొట్ట కిందినుంచి మూతలు పడతాయి. అందుకే దాన్ని మేం మూతల తాబేలు అనేవాళ్ళం. బురదంటే ప్రాణం, ముక్కు తప్ప ఏదీ పైకి పెట్టదు. ఇది అది కాదు. మరి ఏది? ఆ రోజు బళ్ళో కప్ప జీర్ణకోశం చెప్పాల్సింది, ఏం చెప్పానో నాకే తెలీదు.

నా దగ్గరున్న పుస్తకంలో మన దేశపు తాబేళ్ళే ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా ఇంటికప్పులాంటి వీపున్న ఒక తాబేలు కుదిరినట్టనిపించింది. మన మహానదిలోనూ అది ఉంటుందట. అదే జాతిలో ఉత్తరాది నదుల్లో ఉండే ఒక ఉపజాతికి కంటి వెనక ఎర్ర మచ్చ ఉంటుందని రాసి ఉంది. ఇంకేం కావాలి? ఉత్తరాది ఉపజాతి దక్షిణానికి వచ్చేసింది, దాన్ని కనిపెట్టింది నేను! స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పాను. లెక్కల టీచరు "అయితే తాబేలుకి మీ పేరు పెడతారా?" అని అడిగింది. ఆ మాట నాకు వెక్కిరింతలా వినపడనే లేదు. ఆ ఇంటికప్పు తాబేలుకి నడివీపున ఒక ముల్లు ఉండాలి. గట్టు మీంచి చూస్తే నాకు ఆ ముల్లు కూడా కనిపించింది. కావాలనుకుంటే కళ్ళు ఎంత మర్యాదగా సహకరిస్తాయో అప్పుడే తెలిసింది.

నేను పుస్తకాల్లో పడి ఉండగా అత్తయ్య తన పని తను చేసింది. రోడ్డు మీది ఫోన్ బూత్‌కి వెళ్ళి, పాత క్వార్టర్ల వాళ్ళ కొడుకుల ఆఫీసులకి కబురు పెట్టించింది. సామి మోవా చెరువులో వెలిశాడు, శనివారం రండి అని. మొదటి శనివారం బీర్‌గావ్ ఆవిడ రెండు టెంపోలు మారి వచ్చింది. మరుసటి వారం టాటీబంధ్ ఆవిడ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. తర్వాత పక్క ఊరు భిలాయి నుంచి కూడా ఒకావిడ రావడం మొదలుపెట్టింది. గట్టు మీద కొబ్బరికాయ కొట్టడం పది నిమిషాల పని. మిగతా మధ్యాహ్నమంతా మా ఇంట్లోనే. కోడళ్ళ మీద చాడీలు, మోకాళ్ళ నొప్పులు, ఎవరి మనవడు ఎందులో తప్పాడు, అన్నీ అయ్యేవి. నేను వంటింట్లో ఉన్నానని తెలిసి కోడళ్ళ మాట దగ్గర గొంతు తగ్గించేవారు, అది ఇంకా బాగా వినపడేది. నేను టీ కాచి కాచి అలిసిపోయేదాన్ని. అత్తయ్య మాత్రం శుక్రవారం సాయంత్రం నుంచే చీర ఎంచుకునేది. మామయ్య పోయాక అంత గట్టిగా ఆవిడ నవ్వడం నేను వినలేదు.

వచ్చినవాళ్ళకి ఒక కోరిక పుట్టింది. తాబేలుపిల్ల కావాలి. బీర్‌గావ్ ఆవిడ కొడుకు పెరట్లో కొత్తగా బావి తవ్వించాడు. టాటీబంధ్ ఆవిడ ఇంటి వెనక కుంట ఉంది. భిలాయి ఆవిడకి కాలనీ చెరువు.

"అప్పా, సామి పిల్లలెడితే మాకొకటియ్యాల" అని అందరూ అత్తయ్యని అడిగారు. వాళ్ళ వైపు అప్ప అంటే అక్క.

"తలో ఒకటి" అని అత్తయ్య మాటిచ్చేసింది.

ఇక దాన్ని చేత్తో పట్టుకుని చూడకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. మరమరాలకి అలవాటుపడి అది మెట్టు దాకా వస్తోంది. పట్టుకోబోతే అత్తయ్య అడ్డొచ్చింది. తలస్నానం చెయ్యకుండా సామిని ముట్టుకోవడానికి వీల్లేదంది. చలిలో చన్నీళ్ళు పోసుకుని, తడిజుట్టుతో వచ్చి పట్టుకున్నాను. వీపు తడిమాను. నున్నగా ఉంది. ముల్లు లేదు, ముల్లు ఉండే జాగా కూడా లేదు. నా ఉత్తరాది ఉపజాతి అక్కడే నీళ్ళపాలైంది. ఉక్రోషం పట్టలేక దాన్ని వెల్లకిలా తిప్పాను.

"ఓలమ్మో! సామిని తలకిందులు సేసీసింది!" అని అత్తయ్య లెంపలేసుకుంది. తన లెంపలే, అదృష్టం.

పొట్ట పసుపు. ప్రతి పలక మీదా సిరా ఒలికినట్టు ఒక నల్ల మచ్చ. కాళ్ళు గాల్లో ఆడిస్తూ అది నన్ను కరవబోయింది. ఇలాంటి పొట్ట నా పుస్తకంలో ఏ తాబేలుకీ లేదు.

పుస్తకంలో లేదంటే మన దేశంలో లేదన్నమాట అని తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. సైన్సు కాలేజీ లైబ్రరీలో పనిచేసే నా పాత విద్యార్థినిని బతిమాలి, లోపలికెళ్ళి, విదేశీ సరీసృపాల పుస్తకం ఒకటి దుమ్ము దులిపాను. అందులో దొరికింది. ఉత్తర అమెరికా తాబేలు, ఒకే జాతిలో మూడు ఉపజాతులు. కంటి వెనక పట్టీ రంగే వాటికి గుర్తు అని రాసి, ఫోటోలు మాత్రం నలుపు తెలుపులో వేశారు! ఎరుపూ పసుపూ అన్నీ ఒకే బూడిదరంగు. ఆ పుస్తకం వేసినవాళ్ళని మనసులో బాగా తిట్టుకున్నాను. అప్పుడు పొట్టలు చూడటం మొదలుపెట్టాను. ఒకదానికి మచ్చలు ముందు పలకల మీదే. దాని పట్టీ పసుపట, వెడల్పట. ఇంకోదానికి పట్టీ సన్నం. మూడోదానికి ప్రతి పలక మీదా మచ్చ, కంటి వెనక వెడల్పైన ఎర్ర పట్టీ. పుట్టిల్లు మిసిసిపీ నదీలోయ. ఉపజాతి పేరు ఎలిగెన్స్. అంటే సొగసైనది అని. లైబ్రరీలో మాట్లాడకూడదు కాబట్టి పైకి అరవలేదు.

మిసిసిపీది మోవాకి ఎలా వచ్చింది? దానికి సమాధానం బజార్లోనే ఉంది. రంగుచేపలు అమ్మే కొట్లో, ప్లాస్టిక్ బేసిన్‌లో, రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. అన్నిటికీ చెవి దగ్గర ఎరుపు. కలకత్తా నుంచి వస్తాయన్నాడు కొట్టతను. "బడా నహీఁ హోతా మేడమ్, ఇత్నా హీ రహతా హై" అని హామీ ఇచ్చాడు. అంతే ఉంటుందట, పెరగదట! కొన్నవాళ్ళు అది పళ్ళెమంత అయ్యేదాకా పెంచి, చంపడానికి చేతులు రాక చెరువులో పారేస్తారు. మా సామి అలా వెలిసి ఉంటాడు.

అయితే పారేసినవి ఉండటం వేరు, ఇక్కడే పుట్టి పెరగడం వేరు. నాకు ఇప్పుడు ఆ సంగతి తేలాలి. దుంగ మీద చూస్తే ఒకటి కాదు, అరచేతంతవి, సాసరంతవి, పళ్ళేలంతవి ఉన్నాయి. ఒకరోజు చిన్న మగది పెద్ద ఆడదాని మొహం ముందుకొచ్చి, ముందుకాళ్ళ పొడుగాటి గోళ్ళని వణికిస్తూ ఊపింది. అది వాటి ప్రణయమని పుస్తకంలో చదివాను. "అమ్మోరికి వింజామర ఈస్తన్నాడు" అంది అత్తయ్య. నాకంటే ఆవిడ మాటే అందంగా ఉందని ఊరుకున్నాను.

ఎండలు ముదిరాక పెద్దది గట్టెక్కి, వెనక్కాళ్ళతో గుంట తవ్వి, గుడ్లు పెట్టి కప్పేసింది. అత్తయ్య ఆ చోటు చుట్టూ తుమ్మకంపలు పాతి కుక్కలు రాకుండా కాపలా కాసింది. మొదటి వానలకి మట్టి మెత్తబడింది. ఒక పొద్దున్న పిల్లలు బయటికొచ్చాయి. వాటిని ఏరి పెరట్లో సిమెంటు తొట్టిలో వేశాం. భూతద్దం పెట్టి చూశాను. ముక్కు కొసన తెల్లటి చిన్న పన్ను. గుడ్డు పెంకు పగలగొట్టడానికి ఉండేది, పుట్టిన కొన్నాళ్ళకి రాలిపోతుంది. పొట్ట మీద సొన అంటుకున్న మచ్చ ఇంకా ఆరలేదు. ఇవి కొట్లో కొన్నవి కావు, మోవాలోనే పుట్టాయి. దుంగ మీద అన్ని వయసులవీ ఉన్నాయంటే ఇది మొదటి కాన్పు కూడా అయి ఉండదు. అమెరికా తాబేలు మా చెరువులో కాపురం పెట్టేసింది. నేను పెరట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఆ సంబరం మధ్యాహ్నందాకా ఉంది. శనివారం రమ్మని అత్తయ్య అప్పుడే అందరికీ కబురు పెట్టించేసింది. బీర్‌గావ్, టాటీబంధ్, భిలాయి, ఎవరి పిల్ల వాళ్ళు తీసుకుపోతారు. తాబేలు తనంతట తాను టెంపో ఎక్కదు, వీళ్ళు ఎక్కిస్తారు. ఇవి నాచు తింటాయి, చేపగుడ్లు తింటాయి, ఏది దొరికితే అది తింటాయి. వద్దని చెప్పాలంటే ఇది సామి కాదని చెప్పాలి. చెబితే ఎవరూ రారు, మళ్ళీ తులసికోటా అత్తయ్యా మిగులుతారు. రెండు రోజులు నోరు విప్పలేకపోయాను. తెలుసుకోవడానికి అంత తహతహలాడినదాన్ని, తెలిసిన ముక్క చెప్పడానికి భయపడ్డాను.

గురువారం సాయంత్రం ఆవిడ బియ్యం కడుగుతుంటే పక్కన నిలబడి చెప్పేశాను. "అత్తయ్యా, అది సామి కాదు. అమెరికా తాబేలు. బజార్లో చేపల కొట్లో అమ్ముతున్నారు. ఎవరో పెంచుకుని పారేశారు."

ఆవిడ కడుగునీళ్ళు వంచుతూనే ఉంది.

"నానెరగనేటి?" అంది.

నాకు అర్థం కాలేదు.

"సామి తాబేళ్ళు నేలమీద నడుస్తాయి. ఈపు మీద పసుపు గీతలుంటాయి, సుక్కల్లాగ. నీళ్ళలో ఒగ్గీస్తే సచ్చిపోతాయి. ఆ గుడెనక పుట్టినదాన్ని, నాకు తెలవదేటి? ఇది అది కాదని మొదట్రోజే తెలుసు."

"మరి అందరికీ ఎందుకలా కబురు పెట్టారు?"

"సామి వచ్చినాడంటే ఆళ్ళొస్తారు. నాను రమ్మంటే వస్తారేటి?"

ఆవిడ బియ్యం పొయ్యి మీద పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ, "అయితే పంచీస్తే ఏటవుతాది?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను, తెలియదన్నది తెలియదని చెప్పాను. ఒకసారి బావిలోకో కుంటలోకో చేరితే వెనక్కి తేలేమని చెప్పాను.

"మన మూతల తాబేలు కనబడతందేటి నీకు?"

"శివరాత్రి తర్వాత కనబడలేదు అత్తయ్యా. వీటివల్లో కాదో చెప్పలేను."

"ఊఁ" అని పొయ్యి మంట తగ్గించింది.

శనివారం అందరూ మూతలున్న స్టీలు డబ్బాలతో వచ్చారు. డబ్బా అడుగున తడిగుడ్డ, మూతకి మేకుతో పొడిచిన చిల్లులు. బీర్‌గావ్ ఆవిడ పసుపు కుంకుమ కూడా తెచ్చింది. అత్తయ్య ఏదో సాకు చెబుతుందనుకున్నాను. సామి కలలో కనబడి వద్దన్నాడంటే చాలు, ఎవరూ కాదనరు. నేనే ఆ సలహా ఇద్దామనుకుని ఊరుకున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఎవరికీ ఇవ్వను. ఇవి సామివి కావు. అమెరికావట, కొట్లో అమ్ముతారట. మీ నూతుల్లో ఏస్తే ఉన్నవాటిని తినీస్తాయి. నాకు ముందే తెలుసు. సెప్తే మీరు రారని సెప్పలేదు."

బీర్‌గావ్ ఆవిడ మొహం ఎర్రబడింది. "రెండు టెంపోలు మారి వస్తన్నానప్పా, ఇన్నాళ్ళ బట్టీ. అబద్దానికేటి నాను కొబ్బరికాయలు కొట్టింది?" అంది. టాటీబంధ్ ఆవిడ తన డబ్బా మూత బిగించుకుంది. నేను టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చేసరికి వాళ్ళు గేటు దాటారు. భిలాయి ఆవిడ ఒక్కర్తే వెనక్కి తిరిగి చూసింది, కాని ఆగలేదు.

పిల్లల్ని తొట్టిలోనే ఉంచాం. చెరువులో చేపల కాంట్రాక్టు వాళ్ళకి చెప్పాను, ఎర్రచెవి తాబేలు వలలో పడితే నాకివ్వమని. కూర వండుకుంటారేమోనని వాళ్ళు నన్ను ఎగాదిగా చూశారు.

తర్వాతి శనివారం బడికి ఒంటిపూటే. ఇంటికొచ్చేసరికి అత్తయ్య నీలంరంగు నేతచీర కట్టుకుని ఉంది. వాకిలి కడిగి ముగ్గు పెట్టింది. పెద్ద గిన్నెలో, ఎప్పటిలాగే అందరికీ సరిపడా టీ కాచింది. మూడయింది. నాలుగయింది. గేటు చప్పుడైతే చూసింది, పాలవాడు. టీ మీద మీగడ కట్టింది. ఆవిడ చీరకొంగు మడతలు పెట్టి విప్పుతోంది తప్ప నా వైపు చూడటం లేదు. సారీ చెబుదామనుకున్నాను, దేనికో తెలియలేదు. ఆవిడ చేసినదానికి గర్వంగా ఉందని చెబుదామనుకున్నాను, అదీ నోట్లోంచి రాలేదు.

టీ మళ్ళీ వేడిచేసి, రెండు గ్లాసులు తెచ్చి, గడప మీద పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, మీరు ఈ ఊరొచ్చిన కొత్తలో ముందు ఎవరితో మాట్లాడారు?"

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "ఎందుకే? బళ్ళో సెప్పాలా?"

"కాదు. నాకు తెలుసుకోవాలని ఉంది."

గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగింది. కోడలిగా వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినా ఆవిడని నేను ఈ మాట అడగలేదు, ఇంకెవరూ అడిగినట్టు లేరు. ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కుంటున్నట్టు కాసేపు వీధికేసి చూసింది.

"అయితే లోపలికెల్లి ఆ స్టవ్వు కట్టీసి రా" అంది. "ఇది బేగి అయిపోయేది కాదు."